ఓనరుగారు “ఒకసారి మాట్లాడాలమ్మా” అన్నారా?

పిల్లల పరీక్షలు అయిపోయాయి, ఈ సెలవులకి ఊరెళ్దామా, ఇక్కడే ఏ సమ్మర్ క్యాంపులోనో పడేద్దామా అని మనం తర్జనభర్జన పడుతుంటామా, సరిగ్గా అప్పుడే లిఫ్టు దగ్గర ఓనరుగారు ఎదురవుతారు. “ఒకసారి మాట్లాడాలమ్మా, సార్ ఎప్పుడుంటారు?” అంటారు. అంతే, ఆ పూట మనకి అన్నం సహించదు. అగ్రిమెంట్‌లో ఐదు శాతమే కదా రాసుకున్నాం అని లోపల్లోపల లెక్క వేసుకుంటాం. ఆయనేమో పక్క అపార్ట్‌మెంట్‌లో ఇదే టూ బెడ్‌రూమ్ ఎంతకి వెళ్ళిందో చెప్తారు. కోపంగా కూడా చెప్పరు, మన మంచి కోరి చెప్తున్నట్టే చెప్తారు. ఒళ్ళు మండేది అందుకే!

హైదరాబాద్‌లో, అందులోనూ పడమటి వైపు ఉంటున్న మనవాళ్ళలో ఈ గుబులు లేనిదెవరికి చెప్పు? మాదాపూర్, కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల... ఏ ఏరియా పేరెత్తినా ముందు అద్దె మాట, తర్వాత గజం రేటు మాట. ‘పిల్లలు బావున్నారా’ అనేది ఆ తర్వాతే.

దీనికి తోడు బంధువులొకరు. ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక బాబాయిగారు తప్పకుండా తగులుతారు. “నేను ఆరోజే చెప్పాను, కొండాపూర్‌లో రెండొందల గజాలు తీసి పడెయ్యండర్రా అని. విన్నారా?” అంటారు. మనం విస్తట్లో పులిహోర చూసుకుంటూ తల దించుకుంటాం. ఒక్క సంగతి గమనించావా? ఆ బాబాయిగారు కూడా కొనలేదు! ఆ రోజుల్లో మన దగ్గరున్న డబ్బు తమ్ముడి ఫీజుకో, అత్తయ్యగారి ఆపరేషన్‌కో వెళ్ళింది. వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. దానికి ఇన్నేళ్ళ తర్వాత కుమిలిపోవడం ఎందుకు? ముందు ఆ బరువు దించెయ్. తర్వాత మిగతా సంగతులు మాట్లాడుకుందాం, టీ చల్లారనివ్వకు.

అసలీ రేట్లు ఎందుకిలా ఎగిరాయో కాస్త తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలే. తర్వాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వచ్చింది. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో నడిచింది, రెండేళ్ళకి రాయదుర్గం దాకా వెళ్ళింది. రోడ్డు వెనక కంపెనీ, కంపెనీ వెనక గ్యాస్ పొయ్యి, పిల్లల సైకిలు సర్దుకుని మనం. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా నగరాల్లో స్థలాన్ని బట్టి మొత్తం ఇంత మేరకే కట్టాలని లెక్క ఉంటుంది. మన దగ్గర 2006 నుంచి ఆ పరిమితి తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే నలభై, యాభై అంతస్తులు లేపేయొచ్చు. అందుకే కోకాపేటలో తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

ఆ కోకాపేటలోనే 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కదా, గజం రెండు లక్షల పైమాటే. అంత పోసి కొన్నవాళ్ళు అక్కడ మనలాంటి వాళ్ళకి టూ బెడ్‌రూములు కడతారా? వాళ్ళ ఫ్లాట్ ఒక్కోటి మనం ఇప్పుడుంటున్న ఇంటికి మూడింతలు. అది మన కోసం కాదు, సరే. కానీ మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి, మణికొండలో పదిహేనేళ్ళ కిందట కట్టిన, లిఫ్టు నెలకోసారి ఆగిపోయే అపార్ట్‌మెంట్ ఓనరుగారు కూడా కాలరెగరేస్తారు చూడు, మనకి తగిలేది అక్కడ. వేలం పాట ఎక్కడో జరుగుతుంది, అద్దె మన వంటింట్లో పెరుగుతుంది.

సరే, ఓనరుగారి దగ్గరికి వద్దాం. “సార్ ఎప్పుడుంటారు” అన్నారని సార్‌ని ఒక్కణ్ణే పంపకు. మన మగవాళ్ళకి ఇలాంటిచోట మొహమాటం ఎక్కువ. “చూద్దాంలెండి అంకుల్” అని వచ్చేస్తారు, ఆ మాటకి ఆయన ‘ఒప్పుకున్నారు’ అని అర్థం చేసుకుంటారు. నువ్వు కూడా వెళ్ళు. వెళ్ళేముందు కాగితం మీద చిన్న లెక్క వేసుకో. ఇప్పుడు 28 వేలు కడుతున్నావనుకో, ఆయన ఇంకో మూడు వేలు అడుగుతున్నారు. అంటే ఏడాదికి 36 వేలు. నువ్వు ఖాళీ చేస్తే ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా 28 వేలు పోయాయి. రంగులు వేయించాలి, కుళాయిలు మార్పించాలి, బ్రోకర్‌కి ఇవ్వాలి. పెంచుదామనుకున్న డబ్బు మొత్తం అక్కడికక్కడే సరి! కొత్తగా వచ్చేవాళ్ళు నెల మొదటివారంలో అద్దె వేస్తారో, గోడలకి మేకులు కొడతారో ఎవరికి తెలుసు? ఇదంతా దెబ్బలాటలా కాదు, ఓనరుగారి భార్యతో “మీకూ ఇబ్బందే కదా ఆంటీ” అన్నట్టు నెమ్మదిగా చెప్పు. ఆ ఇంట్లో లెక్కలు చూసేది ఎక్కువగా ఆంటీగారే. వెయ్యో, పదిహేను వందలో దగ్గర తెగుతుంది.

తెగిందా, నోటిమాటతో ఊరుకోకు. మనమంతా పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుంటాం, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా? ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి, దానికి ఖర్చు అని అందరూ అనుకుంటారు. అందుకని పదకొండు దగ్గర ఆపుతారు. ఫరవాలేదు, కానీ అందులోనే ‘మళ్ళీ రాసుకునేటప్పుడు ఇంత శాతానికి మించి పెంచకూడదు’ అనీ, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, రంగుల కోసం అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారో రాయించు. పిల్లల చదువు ఏడాది మధ్యలో ఉండగా ఖాళీ చేయమనకూడదని ఒక వాక్యం రాయించుకున్నా తప్పులేదు. అడిగితే ఏమనుకుంటారో అనుకుంటామే గానీ, చాలామంది “సరే రాయండి” అనేస్తారు. ఇంట్లో దిగిన రోజే బాత్రూమ్ టైల్స్‌తో సహా ఫొటోలు తీసి వాళ్ళకి వాట్సాప్‌లో పంపు. వెళ్ళేరోజు ‘ఈ పగులు మీరే చేశారు’ అనే మాట రాదు.

ఇంత చేసినా ఒక్కోసారి కుదరదు. మారాల్సే వస్తుంది. అప్పుడేం చేస్తాం? అద్దె తక్కువ అని ఎక్కడో బీరంగూడ అవతలికో, కొల్లూరు వైపుకో చూస్తాం. చూడు, తప్పులేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం చూసి మురిసిపోవద్దు! ఆదివారం ఏ ఏరియా అయినా అందంగానే ఉంటుంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీ ఆయన ఆఫీసు దాకా ఒకసారి వెళ్ళి రండి. సాయంత్రం వాన పడ్డరోజు ఇంకోసారి. తగ్గిన ఐదారు వేల అద్దె పెట్రోలుకి, క్యాబులకి, ‘వండే ఓపిక లేదు, ఆర్డర్ పెట్టెయ్’ అన్న రాత్రులకి పోతే మిగిలేది నడుంనొప్పే. మంజీరా నీళ్ళు వస్తాయా, వేసవిలో ట్యాంకర్లకి ఎంతవుతుంది, రైతుబజారు ఎంత దూరం, రాత్రి పిల్లకి జ్వరం వస్తే తీసుకెళ్ళడానికి దగ్గర్లో ఆసుపత్రి ఉందా, ఇవి అడుగు. ఎవర్నంటావా? బ్రోకర్‌ని కాదు, కింద ఇస్త్రీ చేసే అతన్ని. ఆ బిల్డింగ్ జాతకం మొత్తం అతని దగ్గర ఉంటుంది.

ఇల్లు మారే బాధ ఒకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాలు పోసే అబ్బాయి మారతాడు. ‘అక్కా, మీకిష్టమని చిన్న వంకాయలు పక్కన పెట్టా’ అనే కూరగాయలావిడ ఉండదు. పిల్ల తన ఫ్రెండ్‌ని వదల్లేక ఏడుస్తుంది. మనకీ ఏడుపొస్తుంది, పైకి మాత్రం ‘అట్టపెట్టెలు ఎక్కడా’ అని అరుస్తాం. ఏడుపొస్తే ఏడు తల్లీ, ఏం కాదు. తర్వాత లేచి, కొత్త ఇంట్లో మొదటి వారమే పక్కింటి తలుపు నువ్వే తట్టు. వాళ్ళు వస్తారని ఎదురుచూడకు, వాళ్ళూ నీలాగే మొహమాటపడుతుంటారు.

ఇదంతా ఎందుకు, అప్పో సప్పో చేసి కొనేద్దాం అనిపిస్తుంది కదూ? ప్రతిసారీ ఇల్లు మారిన రాత్రి, ఒళ్ళంతా పులిసిపోయి ఉన్నప్పుడు, మనకి ఇదే అనిపిస్తుంది. అందుకే ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవద్దంటాను. భయంతో కొన్నది చీరయినా ఇల్లయినా ఒకటే, తర్వాత తప్పులు కనిపిస్తాయి. చీర అయితే ఆడపడుచుకి పెట్టేయొచ్చు!

లెక్క చూద్దాం రా. యాభై లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 43,400 ఈఎంఐ. ఇరవై ఏళ్ళలో మొత్తం కట్టేది కోటీ నాలుగు లక్షలు. యాభై తీసుకుని కోటి కడుతున్నామన్నమాట. భయపెట్టడానికి చెప్పట్లేదు, తెలిసి దిగమంటున్నాను. ఫ్లాట్ ధర మీద రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇంచుమించు ఏడున్నర శాతం. కడుతున్న ఫ్లాట్ అయితే ఐదు శాతం జీఎస్టీ, అదే ఓసీ, అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం, వచ్చేసిన తర్వాత బిల్డర్ దగ్గర కొంటే జీఎస్టీ ఉండదు. తర్వాత కప్‌బోర్డులు, గ్రిల్స్, కార్పస్ ఫండ్. ఇవన్నీ కలిపి చేతిలో ఉంచుకోకుండా ‘డౌన్ పేమెంట్ ఉంది చాలు’ అని బయల్దేరితే, చివరికి పోయేది మన మెడలో గొలుసే. ఆ గొలుసు సంగతి ముందే మాట్లాడుకో.

ఇంకోటి. వడ్డీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని 4 శాతం నుంచి 6.5కి తీసుకెళ్ళింది. ఈఎంఐ అంతే ఉంది కదా అని చాలామంది పట్టించుకోలేదు, లోపల మాత్రం కట్టాల్సిన ఏళ్ళు పెరిగిపోయాయి. 2025లో మళ్ళీ మెట్లు దిగి, ఏడాది చివరికి 5.25కి వచ్చింది. నీకు లోన్ ఉంటే, తగ్గింపు నీ ఖాతాకి అందిందో లేదో బ్యాంకుకి వెళ్ళి అడిగావా? పాత పద్ధతి లోన్లు కొన్ని అడిగితే గానీ మారవు. ఫోన్ చేస్తే ఎత్తరు, వెళ్ళి కూర్చో.

కొనాలనే గట్టిగా అనుకున్నావా, శుభం. అయితే అక్కగా రెండు మూడు చోట్ల చెయ్యి పట్టుకుని ఆపుతాను. ‘ప్రీలాంచ్ ఆఫర్ మేడమ్, మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే’ అని ఎవరైనా అంటే ఆ సోఫాలోంచి లేచి వచ్చెయ్. వాళ్ళిచ్చిన కూల్‌డ్రింక్ తాగి అయినా సరే, లేచి వచ్చెయ్. రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబర్ రాకుండా ప్రాజెక్టుకి ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో డెబ్భై శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఇవన్నీ మన రక్షణ కోసం పెట్టినవి. ‘యూడీఎస్ కింద రాసిస్తాం’ అంటే, ఇంకా పర్మిషన్ రాని స్థలంలో విడదీయని వాటా ఒకటి నీ పేరున రాస్తారు. ఇల్లు ఎప్పుడొస్తుందో ఆ కాగితంలో ఉండదు. ఈ దారిలో జంటనగరాల్లో ఎన్ని కుటుంబాలు రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకున్నాయో పేపర్లలో చదువుతూనే ఉన్నాం కదా.

రెండోది చెరువు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటు) అనే మాటలు మన వంటింటి దాకా వచ్చేశాయి. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ ఇచ్చింది, కరెంటు మీటరు ఉంది అనుకున్న ఇళ్ళు కూడా చెరువు హద్దులో ఉన్నాయని కూలిపోవడం చూశాం. ‘లేక్ వ్యూ’ అని చెప్పగానే మనసు ఎగిరి గంతేస్తుంది, నాకు తెలుసు. ఆ లేక్ ఎంత దగ్గరో చూడ్డానికి బాల్కనీలో నిలబడితే చాలదు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో హద్దుల మ్యాపు ఉంటుంది, సర్వే నంబరు పెట్టుకుని చూడు. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ ప్లాట్లు చూపించి ‘111 జీవో ఎత్తేశారు మేడమ్’ అనే వాళ్ళుంటారు. జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాలకి పెట్టిన జీవో అది, 2022లో దాని ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చిన మాట నిజమే. అయినా ఆ నీళ్ళకి హాని జరక్కూడదన్న షరతులున్నాయి. లాయర్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకు. ఆస్తి మీద లావాదేవీలు చూపించే ఈసీ ఒక్కటే తీసి మురిసిపోకు, లింకు డాక్యుమెంట్లన్నీ ఆయన ముందు పెట్టు. లాయర్ ఫీజు దగ్గర పొదుపు చూపించే మనం కిచెన్ టైల్స్ దగ్గర చూపించం, అదే విచిత్రం.

మూడోది గట్టిగా చెప్తాను, ఏమనుకోకు. లోన్ ఎక్కువ రావడానికి నీ జీతం కూడా చూపించి, కో-అప్లికెంట్‌గా నీ చేత సంతకాలు పెట్టిస్తారు. తీరా రిజిస్ట్రేషన్ రోజు డాక్యుమెంట్‌లో ఆయన పేరొక్కటే ఉంటుంది! అప్పులో వాటా ఉండి ఇంట్లో వాటా లేకపోతే ఎలా? ఆయన మంచివాడే, కాదన్నానా? ఎవరూ దురుద్దేశంతో చెయ్యరు, గుర్తుండదు అంతే. నువ్వే గుర్తు చెయ్. యజమానురాలిగా పేరు లేకపోతే నువ్వు కట్టే ఈఎంఐకి నీకు ఇన్‌కమ్‌టాక్స్ మినహాయింపు కూడా రాదు. ఈ మాట చెప్తే ఆయనే ముందు పరిగెత్తి నీ పేరు రాయిస్తాడు. అన్నట్టు ధర యాభై లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళం మనమే ఒక శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఇది మర్చిపోయి నోటీసు వచ్చాక కంగారుపడేవాళ్ళు చాలామంది.

బ్రోషర్‌లో 1,200 ఎస్‌ఎఫ్‌టీ అని ఉంటే అది లిఫ్టు, మెట్లు, కారిడార్ కూడా కలిపిన లెక్క. తలుపు వేసుకున్నాక మనకి మిగిలేది ఎనిమిది, ఎనిమిదిన్నర వందలు. కార్పెట్ ఏరియా ఎంతో రాతపూర్వకంగా అడుగు. మంచం, బీరువా పెట్టాక బెడ్‌రూమ్‌లో అత్తయ్యగారు వాకర్‌తో తిరగ్గలరా లేదా అనేది దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇప్పుడిక అమ్మావాళ్ళ ఇంటి సంగతి. నల్లకుంట, విద్యానగర్, బర్కత్‌పురా వైపు, లేదా కేపీహెచ్‌బీలో హౌసింగ్ బోర్డు ఇచ్చిన ఎంఐజీ ఇల్లు ఉందా మీకు? అయితే బిల్డర్లు అమ్మ దగ్గరికి వచ్చే ఉంటారు. “పాత ఇల్లు, స్లాబ్ కారుతోంది, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండమ్మా, ఫిఫ్టీ ఫిఫ్టీ” అంటారు. 2025లో కేపీహెచ్‌బీలో హౌసింగ్ బోర్డు స్థలమే ఎకరం 70 కోట్లకి పోయిందంటే, వాళ్ళు తిరగక ఏం చేస్తారు? అమ్మకేమో ఆ జామచెట్టు మీద ప్రాణం. నాన్నగారు పోస్టు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న అరుగూ ఆ ఇంటిదే. మనకేమో ఆవిడ ఒక్కతే అంత ఇంట్లో ఉంటోందని బెంగ. ఎవరి బాధా అబద్ధం కాదు.

ఇక్కడ తొందర పెట్టొద్దు. కొన్నాళ్ళు అమ్మని ఎవరి ఫ్లాట్‌లోనైనా ఉంచి చూడండి, నాలుగు గోడల మధ్య ఊపిరాడుతుందో లేదో ఆవిడే చెప్తుంది. ఒప్పుకుంటే, అగ్రిమెంట్ మీద సంతకానికి ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. కట్టేంతకాలం అమ్మ ఉండే ఇంటికి అద్దె ఎవరిస్తారు, ఆలస్యమైతే నెలకి ఎంత కడతారు, మన వాటా ఏ అంతస్తులో, ఏ వైపు, పార్కింగ్ ఎన్ని. ‘తర్వాత చూసుకుందాం’ అన్న ప్రతి మాటా తర్వాత గొడవే. అమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్టు పాడయినా దిగగలిగే మొదటి అంతస్తే అడుగు.

అన్నయ్య ఫోన్ చేసి “ఊరికే ఫార్మాలిటీ, ఒక సంతకం పెట్టెళ్ళవే” అంటాడు కదా, అక్కడ కూడా ఒక్క నిమిషం ఆగు. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే కొడుకుతో పాటు కూతురూ వారసురాలే. పిత్రార్జితంలో ఆడపిల్లకి సమానహక్కు దేశమంతా 2005లో వచ్చింది గానీ, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి 1985 నుంచే ఇచ్చారు. నీ వాటా నువ్వు సంతోషంగా వదిలేసుకుంటే అది నీ ఇష్టం, పుట్టింటి పసుపుకుంకుమ చాలనుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ తెలిసి వదులుకో. చదవకుండా పెట్టిన సంతకం పదేళ్ళ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య గోడవుతుంది. “అన్నయ్యా, కాపీ పంపు, మా ఆయన ఫ్రెండ్ లాయర్, చూసి పెడతా” అంటే అన్నయ్య ఏమీ అనుకోడు. అనుకున్నా రాఖీకి సర్దుకుంటాడు.

ఇన్ని చెప్పుకున్నాం, ఒక మాట మిగిలిపోయింది. మనం మాదాపూర్‌లో అద్దె కట్టలేక చందానగర్‌కి, అక్కణ్ణుంచి ఇంకా అవతలికి జరుగుతున్నామని బాధపడుతున్నాం కదా, మనం వెళ్ళిన చోట మనకంటే ముందున్నవాళ్ళు ఎటు వెళ్ళారు? ఇదంతా పెద్ద కుర్చీలాట. కోకాపేట వాళ్ళు మనల్ని జరిపితే, మనం ఇంకొకరిని జరిపాం. మనం ‘అబ్బ, ఇక్కడ అద్దె ఎంత తక్కువో’ అనుకుని దిగిన పోర్షన్‌లో అంతకుముందు ఏ ఆటో నడిపే అతని కుటుంబమో ఉండేది. ఓనరు మనల్ని చూసి మూడు వేలు పెంచితే వాళ్ళు సర్దుకుని వెళ్ళారు. ఇందులో మనం చేసిన పాపమేమీ లేదు. కానీ కళ్ళు మూసుకోవాల్సిన పనీ లేదు.

గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ సందుల్లోకి ఎప్పుడైనా వెళ్ళావా? అద్దాల ఆఫీసుల వెనకే ఉంటాయి. యాభై, అరవై గజాల్లో ఐదంతస్తులు లేపి హాస్టళ్ళు పెట్టారు. 2024 నవంబరులో సిద్ధిఖ్‌నగర్‌లో పక్క ప్లాటులో గోతులు తవ్వితే అలాంటి భవనం ఒకటి అమాంతం పక్కకి ఒరిగింది, మర్నాడు కూల్చేశారు. అదే ఏడాది మూసీ ఒడ్డున, నది పరిధిలో ఉన్నాయంటూ ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని అధికారులు రాసి వెళ్ళారు. ఆ ఇళ్ళవాళ్ళకి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ఇస్తామన్నారు. ఆ డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు మంచివే. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన కాలనీలోనే 15,660 ఇళ్ళున్నాయి, లిఫ్టులు కూడా ఉన్నాయి. కానీ రోజూ నాలుగిళ్ళలో అంట్లు తోమి బతికే మనిషికి ఇల్లు ఒక మూల, పని ఒక మూల అయితే ఎలా గడుస్తుంది? 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే వచ్చిన జీతంలో సగం టికెట్లకే పోయేది. డబ్బు మిగిలింది గానీ, బస్సు కోసం నిలబడే గంటన్నర ఎవరిస్తారు?

మన ఇంటికి వచ్చే ఆవిడ పావుగంట ఆలస్యమైతే మనం గడియారం చూస్తాం. ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడైనా అడిగావా? అడుగు. ఇదివరకు వెనక బస్తీలో ఉండేది, ఇప్పుడు రెండు బస్సులు మారి వస్తోందని చెప్తుంది. ఆవిడ టైమ్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకి మార్చేస్తే మన కొంపేం మునగదు, టిఫిన్ గిన్నెలు నీళ్ళు పోసి పక్కన పెడతాం అంతే. మన అద్దె పెరిగినప్పుడు ఆవిడ అద్దె కూడా పెరిగింది. జీతం మాత్రం దసరాకి చూద్దాం, ఉగాదికి చూద్దాం అంటున్నాం. ఓనరుగారిని మనం అడిగే న్యాయమే ఆవిడ మనల్ని అడుగుతుంది, అడగలేక ఊరుకుంటుంది. ఏటా ఇంత శాతం అని మనమే పెట్టేస్తే పోలా?

వచ్చే అసోసియేషన్ మీటింగ్‌కి ఈసారి నువ్వు వెళ్ళు. పార్కింగ్ గొడవలూ, కుక్కల గొడవలూ అయ్యాక “ఇంకేమైనా ఉందా” అంటారు చూడు, అప్పుడు లేచి రెండడుగు. గేటు పక్కన ఇస్త్రీ అతని బండిని ‘లుక్ పాడవుతోంది’ అని తీయించేద్దామంటున్నారు, దాన్ని అక్కడే ఉంచమను. పనిచేయడానికి వచ్చే ఆడవాళ్ళు వాడుకోవడానికి కింద బాత్రూమ్ తాళం తీసి ఉంచమను. సెక్రటరీగారు ‘రూల్స్ చూడాలి’ అంటారు. చూడమను, తేదీ అడుగు. ముందుగా వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు, మీటింగ్ అయ్యేలోపే వందా యాభై మెసేజ్‌లు వచ్చి విషయం కుక్కల దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ పై ఫ్లోర్ టీచరుగారితో ముందే ఒక మాట చెప్పి ఉంచు, నువ్వు లేవగానే ఆవిడ కూడా లేస్తారు.